ఏ ప్లేయర్‌లో పెట్టినా పాడే ఎంపీ3 సీడీ చేయడం ఎలా?

మీరు అడిగింది ఇది: కంప్యూటర్‌లో ఉన్న పాత పాటలు, ప్రవచనాలు కలిపి ఒక రీరైటబుల్ సీడీ మీద రెండు విడతలుగా ఎంపీ3లు రాశారు. ఇంట్లో డీవీడీ ప్లేయర్‌లో బాగానే పాడుతోంది. ఊళ్లో నాన్నగారి ప్లేయర్‌లో పెడితే 'నో డిస్క్' అంటోంది. కారులో సగం పాటలే కనిపిస్తున్నాయి, అవీ వరస తప్పి. అన్నిట్లో పాడేలా ఎలా రాయాలి?

ఒకే డిస్క్ మూడు చోట్ల మూడు రకాలుగా నడుస్తోందని ప్లేయర్లని అనుమానించక్కర్లేదు. ప్లేయర్ లోపల ఉండేది ఒక చిన్న చిప్పు, తయారైన రోజున అందులో పెట్టిన ప్రోగ్రాము. ఏ సీడీలు చదవాలో, ఏ ఫైళ్లు గుర్తుపట్టాలో, ఎన్ని పాటల దాకా లెక్కపెట్టాలో అన్నీ ఆ రోజే ఖాయమైపోయాయి. అందుకని మీకు తెలిసిన వాటిలో అన్నిటికంటే మొండి ప్లేయర్‌ని దృష్టిలో పెట్టుకుని సీడీ చేయండి. దానికి నచ్చితే మిగతావి పేచీ పెట్టవు.

తొందరలో ఉన్నవాళ్ల కోసం కొలతలు ముందే చెప్పేస్తాను. 700 ఎంబీ సీడీ-ఆర్ (ఒక్కసారే రాయగలిగేది), ఆర్‌డబ్ల్యూ (రీరైటబుల్) వద్దు. ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను, పేర్లను అమర్చే పద్ధతి) ఐఎస్‌ఓ 9660, దానితోపాటు జోలియెట్. అన్నీ ఒకే విడతలో రాసి, మళ్లీ ఏమీ చేర్చే వీల్లేకుండా డిస్క్ మూసేయాలి. పాటల శాంపిల్ రేట్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్నది) 44.1 కిలోహెర్ట్జ్, బిట్‌రేట్ (సెకను పాటకు పట్టే డేటా) 128 లేదా 192 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), అదీ మారకుండా స్థిరంగా ఉండాలి. ఫోల్డర్లు ఒక్క అంచెలోనే, పాటలు 150 లోపు. రాసే వేగం 16 నుంచి 24 ఎక్స్ (మామూలు సీడీ వేగానికి అన్ని రెట్లు). ఎందుకో తెలియకపోతే ఎక్కడో ఒకచోట తప్పటడుగు పడుతుంది కాబట్టి ఒక్కొక్కటీ విడదీసి చెబుతాను.

అన్నిటికంటే ముందు ప్లేయర్ మూతి మీదో ట్రే మీదో ఎంపీ3 అన్న గుర్తు ఉందేమో చూడండి. అది లేని పాత సీడీ ప్లేయర్‌కి ఎంత బాగా రాసిచ్చినా లాభం లేదు. దానికి మీ డిస్క్ మొత్తం గంటకు పైగా ఉన్న ఒకే ఒక్క ట్రాక్‌లా కనిపిస్తుంది. బుద్ధిమంతుడైన ప్లేయర్ నోరు మూసుకుంటుంది. మరీ పాతవైతే ఆ డేటానే పాట అనుకుని బర్రున మోత పుట్టిస్తాయి, వాల్యూమ్ పెంచి ఉంటే స్పీకర్లకు దెబ్బ. అలాంటి ప్లేయర్ కోసం ఆడియో సీడీయే చేయాలి: 80 నిమిషాలు, అంటే నాలుగేసి నిమిషాల పాటలు సుమారు 20. రాసే సాఫ్ట్‌వేర్‌లో 'ఆడియో సీడీ' ఎంచుకుంటే అదే ఎంపీ3లను విప్పి రాస్తుంది. ఆడియో ట్రాకులు, ఎంపీ3లు ఒకే సీడీలో కలపకండి. ఆడియో ట్రాకులు కనబడగానే చాలా ప్లేయర్లు వాటితోనే తృప్తిపడి ఎంపీ3ల వైపు చూడవు.

ఇక డిస్క్. మామూలు అచ్చు సీడీ (ఫ్యాక్టరీలో పాటలతోనే తయారై వచ్చేది) తన మీద పడిన కాంతిలో 70 శాతం పైనే తిప్పి పంపుతుంది. సీడీ-ఆర్ 65 శాతానికి తగ్గదు. సీడీ-ఆర్‌డబ్ల్యూ మాత్రం 15 నుంచి 25 శాతమే. ఇంత మసక వెలుగును చదవాలంటే ప్లేయర్‌లో సిగ్నల్‌ను పెంచుకునే ఏర్పాటు ఉండాలి. అది లేని ప్లేయర్‌కి మీ ఆర్‌డబ్ల్యూ డిస్క్ అసలు ఉన్నట్టే తెలియదు. నాన్నగారి ప్లేయర్ 'నో డిస్క్' అనడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. కొత్త సీడీ-ఆర్ మీద రాసి చూడండి, చాలావరకు అక్కడితో తీరిపోతుంది.

ఇంకో చిన్న మెలిక ఉంది. డీవీడీకి వాడే ఎర్ర లేజర్ 650 నానోమీటర్లు, సీడీకి 780. సీడీ-ఆర్ లోపలి రంగుపూత 780 దగ్గరే సరిగ్గా పనిచేస్తుంది. తొలినాళ్ల డీవీడీ ప్లేయర్లలో కొన్నిటికి 650 లేజర్ ఒక్కటే ఉండేది. అవి అచ్చు సీడీలు పాడతాయి గానీ సీడీ-ఆర్‌ను చూడలేవు. అలాంటిది మీ చేతికి తగిలితే, విచిత్రంగా ఆర్‌డబ్ల్యూ చదివి ఆర్ చదవకపోవచ్చు. చాలా అరుదు, కానీ తెలియకపోతే రోజంతా తల బద్దలు కొట్టుకుంటారు.

ఖాళీ డిస్కులు కొనేటప్పుడు పైన ఉన్న పేరును బట్టి పోవద్దు. ఒకే బ్రాండు డబ్బాలో వేరే వేరే ఫ్యాక్టరీల సరుకు వస్తుంది. ఇమ్గ్‌బర్న్ అనే సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ తెరిచి ఖాళీ డిస్క్ పెడితే కుడివైపు అసలు తయారీదారు ఎవరో కనిపిస్తుంది. ఒకప్పుడు మన దగ్గర ఏ షాపులో చూసినా మోసర్ బేర్ డిస్కులే. ఆ కంపెనీని మూసివేయమని 2018లో ఉత్తర్వు వచ్చాక మిగిలిన పాత నిల్వలు ఇంకా అక్కడక్కడా దొరుకుతుంటాయి. ఏ బ్రాండయినా ఏళ్ల తరబడి షాపు అద్దాల వెనక ఎండ తిన్న డిస్క్ కొనకండి. రాయని డిస్క్‌లో రంగుపూత వెలుగుకీ వేడికీ పాడవుతుంది. 50 డిస్కుల డబ్బా కొంటే ముందు ఒకటి రాసి, ఇంట్లో ఉన్న ప్లేయర్లన్నిటిలో పరీక్షించాకే మిగతావి మొదలుపెట్టండి.

700 ఎంబీ అంటే నిండా 700 ఎంబీ నింపమని అర్థం కాదు. సీడీ రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది. అంచు దగ్గర పూత పలచబడుతుంది, డిస్క్ వంపు ఎక్కువగా ఉంటుంది, వేలిముద్రలు పడేదీ అక్కడే. 650 దాటకుండా ఆపితే చివరి పాటలు తడబడే బాధ చాలావరకు పోతుంది.

ఎన్ని పాటలు పడతాయో లెక్క కష్టం కాదు. 128 కేబీపీఎస్ పాట సెకనుకు 16,000 బైట్లు, నిమిషానికి దాదాపు 1 ఎంబీ. 192 అయితే నిమిషానికి 1.4 ఎంబీ, 320 అయితే 2.3. అంటే 650 ఎంబీలో 128 దగ్గర 11 గంటల పైమాట, 192 దగ్గర 7 గంటల ముప్పావు సుమారు, 320 దగ్గర నాలుగున్నర గంటలు దాటి కొంచెం. నాలుగు నిమిషాల పాటలైతే 192లో 115 దాకా పడతాయి.

ఇక్కడ బిట్‌రేట్ గురించి చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ప్లేయర్ మామూలు వేగంలో సెకనుకు సుమారు 150 కిలోబైట్లు చదువుతుంది. 192 కేబీపీఎస్ పాటకు కావలసింది సుమారు 23 కిలోబైట్లే. ఆ మిగిలిన సమయంలో ప్లేయర్ పాటను ముందుగా చదివి మెమరీలో దాచుకుంటుంది, గీత పడ్డ చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి ప్రయత్నిస్తుంది. 320కి ఆ వెసులుబాటు బాగా తగ్గిపోతుంది. అందుకే గీతలు పడ్డ డిస్క్‌లో 128 పాట నిలబడి, 320 పాట నట్లు కొడుతుంది. గతుకుల రోడ్డు మీద కారులో ఈ తేడా చెవికే తెలుస్తుంది. పైగా పాత పాటలు చాలావరకు మోనో రికార్డింగులు, 128 జాయింట్ స్టీరియోలో వాటికి లోటేమీ ఉండదు. నెట్‌లోంచి 128లో దిగిన పాటను 320కి మార్చి రాయడం మాత్రం శుద్ధ దండగ. పోయిన నాణ్యత తిరిగి రాదు, ఫైలు లావెక్కుతుంది, అంతే.

ఇప్పుడు ఫైల్ సిస్టమ్. ఎక్కువ సీడీలు చెడిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

విండోస్‌లో ఖాళీ సీడీ పెట్టగానే ఈ డిస్క్‌ని ఎలా వాడతారు అని అడుగుతుంది. మొదటి ఎంపిక 'లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్'. ఇది ఎంచుకుంటే యూడీఎఫ్ పద్ధతిలో, ముక్కలు ముక్కలుగా రాస్తుంది. మరో కంప్యూటర్ చదువుతుంది, పాత ప్లేయర్లు చదవవు. రెండోది 'విత్ ఎ సీడీ/డీవీడీ ప్లేయర్'. మనకు కావలసింది అదే. అప్పుడు ఫైళ్లన్నీ ముందు ఒకచోట పోగుచేసి, మీరు బర్న్ అన్నాకే ఒక్కసారిగా రాస్తుంది. విండోస్ మీడియా ప్లేయర్‌తో రాసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అది మామూలుగా 'ఆడియో సీడీ' మీద నిలబడి ఉంటుంది, బర్న్ ఆప్షన్లలోకి వెళ్లి 'డేటా' అని మార్చాలి. మార్చకపోతే 20 పాటలకే డిస్క్ నిండింది అంటుంది. 'నా 700 ఎంబీ సీడీలో 100 ఎంబీ పాటలే పట్టడం లేదు' అన్న ఫిర్యాదు వెనక ఉండేది చాలాసార్లు ఇదే.

ఐఎస్‌ఓ 9660 అన్నది 1988 నాటి ప్రమాణం. దాని మొదటి లెవెల్‌లో ఫైలు పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3 అక్షరాలు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ ఒప్పుకోదు. రెండో లెవెల్‌లో 31 అక్షరాల దాకా పోవచ్చు. ఫోల్డర్లు ఎనిమిది అంచెలకు మించకూడదు. జోలియెట్ అన్నది 1995 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ దీనికి తగిలించిన రెండో పేర్ల పట్టిక, అందులో 64 అక్షరాల పేర్లు పడతాయి. రెండూ కలిపి రాస్తే అవే పాటలకు డిస్క్ మీద రెండు పట్టికలు ఉంటాయి. జోలియెట్ తెలిసిన ప్లేయర్ పొడుగు పేరు చూపిస్తుంది, తెలియనిది పొట్టి పేరుతో సర్దుకుంటుంది. పాటలు రెండుసార్లు రాయబడవు, స్థలం వృథా కాదు. ఒక్క జోలియెట్‌తోనో ఒక్క యూడీఎఫ్‌తోనో రాయకండి.

పొట్టి పేరు వల్ల వచ్చే చిక్కు మన పాటల దగ్గర మరీ ఎక్కువ. నెట్‌లోంచి దించిన పాటల పేర్లకు ముందు ఆ వెబ్‌సైటు పేరు అతికించి ఉంటుంది. ఎనిమిది అక్షరాలకు కత్తిరిస్తే వంద పాటలకీ ఒకటే పేరు మిగులుతుంది, చివర అంకె మాత్రమే తేడా. ఏ పాట ఏదో తెలియదు, వరస కూడా గల్లంతు. రెండో చిక్కు ఇంటిపేర్లలో చుక్కలు. 'పి.సుశీల', 'ఎస్.పి.బాలు' అని పేర్ల మధ్యలో చుక్కలు పెడితే కొన్ని ప్లేయర్లు మొదటి చుక్క తర్వాత ఉన్నదాన్నే ఫైలు రకం అనుకుంటాయి, ఎంపీ3 కాదని వదిలేస్తాయి. ఫైలు పేరులో చుక్క ఒక్కటే ఉండాలి, అది ఎంపీ3 అన్న చివరి మూడక్షరాల ముందు.

మూడో చిక్కు తెలుగు లిపి. జోలియెట్‌లో తెలుగు అక్షరాలు నిక్షేపంగా పడతాయి, కంప్యూటర్‌లో చక్కగా కనిపిస్తాయి కూడా. ప్లేయర్‌లో తెలుగు ఫాంటు ఉండదు కాబట్టి తెర మీద గళ్లో ప్రశ్నార్థకాలో వస్తాయి. ఐఎస్‌ఓ పట్టికలోనైతే ప్రతి తెలుగు అక్షరం అండర్‌స్కోర్ అయిపోతుంది. అందుకని తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి. నేను ఇక్కడ తెలుగులో చూపిస్తున్నా, మీరు ఇంగ్లీషు లిపిలో రాసుకోండి: ముందు మూడంకెలు, తర్వాత అండర్‌స్కోర్, తర్వాత పాట మొదటి మాట. 001_ఒకపాట, 002_మరోపాట, ఇలాగ. మొదటి మూడు స్థానాల్లో అంకె ఉంది కాబట్టి పేరు ఎంత కత్తిరించినా ఏ రెండు పాటలూ కలిసిపోవు. 1, 2, 10 అని సున్నాలు లేకుండా పెడితే చాలా ప్లేయర్లు 1 తర్వాత 10 పాడి, ఆ తర్వాతే 2కి వస్తాయి. కారులో మీకు వరస తప్పడానికి కారణం ఇదే అయుండాలి.

వరసలో ఇంకో రకం కూడా ఉంది. కొన్ని ప్లేయర్లు పేర్ల వరస చూడవు, డిస్క్ మీద పాటలు ఏ క్రమంలో రాయబడ్డాయో ఆ క్రమంలో పాడతాయి. కాబట్టి కంప్యూటర్‌లోనే ఫోల్డర్లు సిద్ధం చేసి, అంకెలు వేసి, అన్నీ ఒకేసారి సాఫ్ట్‌వేర్‌లో పడేయండి. ఒక్కొక్క పాటా లాక్కొచ్చి వేస్తే మీరు వేసిన క్రమం ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఫోల్డర్లు ఒక్క అంచెలో చాలు: 01_ఘంటసాల, 02_సుశీల, 03_భక్తి, 04_ప్రవచనం. ఫోల్డరులో ఫోల్డరు వద్దు, ఖాళీ ఫోల్డరు అసలే వద్దు. దాని దగ్గరికి వచ్చి ఆగిపోయే ప్లేయర్లు ఉన్నాయి. బయట కొన్ని పాటలు, ఫోల్డర్లలో కొన్ని అని కలపకండి. పాటల సంఖ్యకు పరిమితి ఒక్కో ప్లేయర్‌కి ఒక్కోలా ఉంటుంది, 255 దగ్గరో 512 దగ్గరో ఆగేవి ఎక్కువ. ముందు ప్యానెల్‌లో రెండంకెలే చూపించగలిగేవి 99 తర్వాత తికమకపడతాయి. ఫోల్డరుకు 99 లోపు, మొత్తం 150 లోపు ఉంచితే దాదాపు ఎవరితోనూ గొడవ ఉండదు.

పాటలు తప్ప ఇంకేమీ డిస్క్ మీదికి పోకూడదు. ఆల్బమ్ బొమ్మలు, ప్లేలిస్టు ఫైళ్లు, విండోస్ దాచి ఉంచే చిన్న ఫైళ్లు తీసేయండి. మ్యాక్ వాడేవాళ్లకు ఇంకో తలనొప్పి. పెన్‌డ్రైవ్ మీదికి పాట కాపీ చేసినప్పుడు పక్కనే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే జంట ఫైలు ఒకటి పుడుతుంది, దాని చివర కూడా ఎంపీ3 అనే ఉంటుంది. ప్లేయర్ దాన్ని పాటే అనుకుని తెరవబోయి తడబడుతుంది. ప్రతి పాటకీ ముందు ఒక ఉత్తి పాట కనిపిస్తోందంటే ఇదే.

ఇక పాట ఫైలు లోపలి సంగతి. చివర ఎంపీ3 అని ఉన్నవన్నీ ఎంపీ3లు కావు. యూట్యూబ్ నుంచి దించినవి చాలావరకు ఎం4ఏ, వాట్సాప్‌లో వచ్చే వాయిస్ మెసేజ్‌లు ఓపస్, ఇవి వేరే రకాల ఆడియో ఫైళ్లు. పేరు చివర మార్చినంత మాత్రాన లోపల సరుకు మారదు. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ లోపలికి తొంగి చూసి పాడేస్తుంది, అందుకే మోసం తెలియదు. ప్లేయర్ మాత్రం దాటేసి పోతుంది, లేదా అక్కడే బిగుసుకుంటుంది. ఫూబార్2000 అనే కంప్యూటర్ ప్లేయర్‌లో పాటలన్నీ వేసి, కోడెక్ (ఫైలు అసలు రకం), శాంపిల్ రేట్, బిట్‌రేట్ వరుసలు చూడండి. ఎంపీ3 కానివి, 44.1 కానివి పట్టుబడతాయి.

ఆ శాంపిల్ రేట్ ఎందుకంటే: ఎంపీ3లకు మూలమైన ఎంపెగ్-1 ప్రమాణంలో 32, 44.1, 48 కిలోహెర్ట్జ్ మూడే ఉన్నాయి. ప్రవచనాలు, హరికథలు, ఉపన్యాసాలు నెట్‌లో సైజు తగ్గించడం కోసం 22.05 కిలోహెర్ట్జ్, 32 లేదా 48 కేబీపీఎస్ మోనోలో పెడుతుంటారు. అది ఎంపెగ్-2 కిందికి వస్తుంది. అది తెలియని ప్లేయర్లు వాటిని కనబడనట్టే వదిలేస్తాయి, కొన్ని రెట్టింపు వేగంతో కీచుమని పాడతాయి. వీటిని ఆడాసిటీ అనే శబ్దాలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 44.1 కిలోహెర్ట్జ్, 96 లేదా 128 స్థిర బిట్‌రేట్‌తో మళ్లీ ఎంపీ3గా తీయండి. నాణ్యత పెరగదు, పాడటం మొదలవుతుంది. గంటన్నర ప్రవచనాన్ని ఒకే ఫైలుగా ఉంచకండి. చాలా ప్లేయర్లలో ఫైలు మధ్యకు దూకడం నరకం, కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటికొస్తుంది. 10 లేదా 15 నిమిషాల ముక్కలుగా, మాట ఆగిన చోట చూసి కోయండి. పద్యాలు, స్తోత్రాల్లాంటి ఆగకుండా సాగేవాటిని మాత్రం కోయవద్దు, ఎంపీ3 ఫైళ్ల మధ్య చిన్న ఖాళీ తప్పదు కాబట్టి అతుకు వినబడుతుంది.

బిట్‌రేట్ మారుతూ పోయే వీబీఆర్ ఫైళ్లు చాలా ప్లేయర్లలో పాడతాయి గానీ సమయం తప్పుగా చూపిస్తాయి. మొదటి కొద్ది సెకన్ల బిట్‌రేట్ చూసి పాట పొడవు లెక్కగట్టడమే దానికి కారణం. ముందుకు తిప్పితే ఎక్కడో తేలుతుంది. కొన్ని మొండివి వాటిని అసలు ముట్టవు. అందుకే స్థిర బిట్‌రేట్ అన్నాను.

ట్యాగుల విషయం, అంటే ఫైలులోనే దాగి ఉండే పాట పేరు లాంటి వివరాలు. పాట మొదట్లో ఉండే ఐడీ3 రెండో రకం ట్యాగ్‌లో ఆల్బమ్ బొమ్మ కూడా దాగి ఉంటుంది. ఒక్కోసారి అదే 1 ఎంబీ ఉంటుంది. సెకనుకు 150 కిలోబైట్లు చదివే ప్లేయర్ ఆ బొమ్మ దాటి పాట దగ్గరికి రావడానికి ఏడు సెకన్లు పడుతుంది. ప్రతి పాటకీ ముందు మౌనం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మరీ పాత ప్లేయర్లు బొమ్మనే పాట అనుకుని 'చిట్ చిట్' మంటాయి. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాటలన్నీ ఎంచి, బొమ్మ తీసేసి, ట్యాగ్ రకం ఐడీ3 2.3గా పెట్టండి, దానితోపాటు మొదటి రకం ట్యాగ్ కూడా రాయమనండి. మొదటి రకం ఫైలు చివర 128 బైట్లే, పాట పేరుకు 30 అక్షరాలు. 2.4 రకం ట్యాగులు పాత ప్లేయర్లకు కొరుకుడు పడవు. ట్యాగులు కూడా ఇంగ్లీషు లిపిలోనే ఉండాలి.

రకరకాల చోట్ల నుంచి పోగుచేసిన పాటలకు శబ్దం ఎగుడుదిగుడుగా ఉంటుంది. 1950ల పాట వినడానికి వాల్యూమ్ పెంచితే తర్వాతి పాట ఇల్లు లేపేస్తుంది. శబ్దం ఎంత సరిచేయాలో చెప్పే రీప్లేగెయిన్ ట్యాగులు ఇక్కడ పనికిరావు, డిస్క్ ప్లేయర్లు వాటిని చూడవు. ఎంపీ3గెయిన్ అన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఫైలులోనే ఉన్న గెయిన్ అంకెను 1.5 డెసిబెల్స్ చొప్పున మారుస్తుంది. పాటను విప్పి మళ్లీ చుట్టదు కాబట్టి నాణ్యత చెక్కుచెదరదు, వెనక్కి కూడా తిప్పుకోవచ్చు. లక్ష్యం 89 డెసిబెల్స్ అని ముందే పెట్టి ఉంటుంది, దాన్ని అలాగే వదిలేయండి.

రాయడం. ఇమ్గ్‌బర్న్‌లో 'రైట్ ఫైల్స్/ఫోల్డర్స్ టు డిస్క్' తెరిచి మీ నాలుగు ఫోల్డర్లూ అందులోకి లాగండి. ఆప్షన్స్ ట్యాబ్‌లో డేటా టైప్ 'మోడ్1/2048', ఫైల్ సిస్టమ్ 'ఐఎస్‌ఓ9660 + జోలియెట్' అని పెట్టండి. అడ్వాన్స్‌డ్‌లో రిస్ట్రిక్షన్స్ కింద ఐఎస్‌ఓ లెవెల్ 1 ఎంచండి. లేబుల్ ట్యాబ్‌లో ఎనిమిది అక్షరాల లోపు పేరు ఇవ్వండి. వేగం 16 లేదా 24. వెరిఫై గుర్తు పెట్టే ఉంచండి, అయిదు నిమిషాలు ఎక్కువ పట్టినా ఫర్వాలేదు. లినక్స్‌లో కే3బీ వాడేవాళ్లు డేటా ప్రాజెక్టు తెరిచి, జోలియెట్ ఎంచి, మల్టీసెషన్ 'నో' అని పెడితే అదే ఫలితం.

వేగం గురించి ఒక అపోహ ఉంది, ఎంత తక్కువైతే అంత మంచిదని. 52 ఎక్స్‌కి తయారైన డిస్క్‌ను 4 ఎక్స్‌తో రాస్తే లేజర్ తీరు ఆ పూతకు పొసగక తప్పులు పెరగవచ్చు కూడా. 52తో రాస్తే అంచు దగ్గర డిస్క్ ఊగుతుంది. నడిమి వేగమే మేలు.

ఇప్పుడు చాలా లాప్‌టాప్‌లలో డ్రైవ్ ఉండదు, బయటి యూఎస్‌బీ రైటర్ తగిలిస్తారు. దాన్ని హబ్‌కి కాకుండా లాప్‌టాప్‌కే నేరుగా తగిలించండి. లేజర్ రాత మొదలవగానే కరెంటు ఎక్కువ లాగుతుంది, చాలకపోతే మధ్యలో ఆగి డిస్క్ దండగవుతుంది. రెండు ప్లగ్గుల తీగ ఇచ్చి ఉంటే రెండూ పెట్టండి.

ఒకే విడతలో రాయమని ఎందుకు అన్నానంటే, రెండోసారి చేర్చిన పాటలు రెండో సెషన్‌లోకి పోతాయి. పాత ప్లేయర్లు మొదటి సెషన్ చూసి ఆగిపోతాయి. మీ కారులో సగం పాటలే కనిపించడం అచ్చంగా ఈ లక్షణం. పైగా మొదటి సెషన్ ముగింపుకు సుమారు 22 ఎంబీ, ఆ తర్వాత ఒక్కోదానికి 13 ఎంబీ ఊరికే పోతాయి. నాలుగు పాటలు మిగిలిపోతే ఇంకో సీడీ వాడండి, ఉన్నదానికి అతికించకండి.

రాశాక తేడా వస్తే లక్షణాన్ని బట్టి కారణం పట్టవచ్చు. 'నో డిస్క్' అంటే డిస్క్ రకం, లేదా మూయకపోవడం, లేదా లెన్సు మీద దుమ్ము. డిస్క్ గుర్తుపట్టి పాటలు చూపించకపోతే ఫైల్ సిస్టమ్. అర నిమిషం పైగా తిరుగుతూనే ఉంటే ఫోల్డర్లూ ఫైళ్లూ మరీ ఎక్కువ. కొన్ని పాటలే దాటేస్తుంటే శాంపిల్ రేట్, లేదా అసలు ఎంపీ3 కాదు. అన్ని డిస్కుల్లోనూ చివరి పాటలే ఎగురుతుంటే అంచు సమస్య, ఇంకా తక్కువ నింపండి. అచ్చు సీడీలు కూడా ఎగురుతుంటే లెన్సు. ప్లేయర్ ప్లగ్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన దూదిపుల్లతో లెన్సు మీద ఒత్తకుండా అద్దండి, అయిదు నిమిషాలు ఆరనివ్వండి.

డీవీడీ మీద రాస్తే 4.7 జీబీ వస్తుంది కదా అని అడుగుతారు. 192లో 50 గంటలు దాటి పడతాయి, అంటే 800 పాటలు. ఇంట్లో డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి పాటల లెక్క అక్కడే మించిపోతుంది, సీడీ మాత్రమే చదివే కారు స్టీరియోలకు, చిన్న ప్లేయర్లకు అసలు పనికిరాదు. అన్నిట్లో పాడాలి అన్నది మీ షరతు కాబట్టి సీడీలే అయిదారు చేయండి.

పేరు రాయడానికి కాగితం స్టిక్కర్ అంటించకండి. బరువు ఒకవైపు లాగి డిస్క్ ఊగుతుంది, వేసవిలో కారులో అంచులు లేచి స్లాట్‌లో ఇరుక్కుంటుంది. మొన మెత్తగా ఉన్న సీడీ మార్కర్‌తో, వీలైతే మధ్యలో రాత లేని పారదర్శక వలయం మీద రాయండి. బాల్‌పెన్ వాడకండి. గీతలకు మనం అడుగువైపే భయపడతాం గానీ అటు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపలా ఉంది. పైవైపు పలచని లక్క పూత కిందే వెండిపొర, రంగుపూత ఉంటాయి. బాల్‌పెన్ మొన వాటిని తొక్కేస్తే ఆ చోట ఉన్న పాట ఏ ప్లేయర్‌లోనూ రాదు.